విత్తనాల బుర్ర తంబుర

చచ్చేదాకా ఆయన పేరు తంబుర కట్టయ్యే. పాలకుర్తికి రెండు కోసుల దూరంలో ఉన్న ఆ ఊళ్లో ఇంటిపేరు పెట్టి ఆయన్ని పిలిచినవాళ్లు లేరు. కాపురానికొచ్చిన కొత్త కోడళ్లు ఈయనెవరో పెద్ద పాటగాడనుకునేవాళ్లు. తీరా ఆరా తీస్తే, ఆయన తంబుర మీటగా విన్నది ఇద్దరే ఆడవాళ్లు, అదీ ఒకే ఒక్కసారి. పోనీ ఆ పేరుకు ఆయన మురిసిపోయేవాడా అంటే అదీ లేదు. "తంబుర కట్టయ్యా" అని ఎవరైనా నోరారా పిలిస్తే చాలు, ఆయన చూపు కాళ్ల వేళ్ల మీదికి దిగిపోయేది. ఎందుకో తెలియాలంటే ఊళ్లో దొరలకు ఎదురుగా సంఘం పెట్టిన కొత్తలకు పోవాలి.

అప్పటికి కట్టయ్య గడీలో జీతగాడు. దొర కేకేస్తే చెప్పులు చేతబట్టుకుని "నీ బాంచెను" అంటూ ఉరికే మనిషి. కండ ఉంది, గొంతూ ఉంది. కానీ ఆ గొంతు ఎడ్ల వెనకాల తప్ప ఎక్కడా లేచింది లేదు. అన్న ముత్తయ్య అట్లా కాదు. లెవీ ధాన్యం పెట్టనని పట్వారి ముఖం మీదే చెప్పి, ఆ చలికాలమే వరంగల్ జైలుకు పోయాడు. అన్న భార్య బుచ్చమ్మ, కట్టయ్య భార్య యాకమ్మ ఒకే గోడకు అటొక ఇంట్లో ఇటొక ఇంట్లో ఉండేవాళ్లు. వానకు పండే చెలక పొత్తు, విత్తనం పొత్తు, పొయ్యిలో నిప్పు ఆరిపోతే ఒకరి ఇంటి నుంచి ఒకరు తెచ్చుకునే పొత్తు. తోడబుట్టినవాళ్లకు కూడా ఇంత పొసగదని ఊరంతా అనుకునేది.

బుచ్చమ్మది మంచి చెయ్యని పేరు. తొలకరి పడి విత్తే గొర్రు కట్టినప్పుడు మొదటి పిడికిలి విత్తనం ఆమె చేత పోయించుకోవాలని ఎన్నో ఇళ్లవాళ్లు చూసేవాళ్లు. ఆమె కొంగు బిగించి, తూర్పుకు దండం పెట్టి పిడికిలి విప్పిందంటే ఆ చెలక పండినట్టే లెక్క. జైల్లో మొగుడు, ఇంట్లో పిల్లలు, గంజికి గతిలేని రోజులు. అయినా ఆ ఒక్క పేరు ఆమెను ఊళ్లో తలెత్తుకుని తిరగనిచ్చేది.

లెవీ అంటే ఇప్పటివాళ్లకు చెప్పాలి. పంట పండినా ఎండినా సర్కారు చెప్పినంత ధాన్యం కొలవాల్సిందే. పట్వారి, అతని మీది అధికారి గిర్దావరు, పోలీసులు, వెనక గడీ బండి. వచ్చీ రాగానే మూలన ఒకదాని మీద ఒకటి పేర్చిన కుండల దొంతిని తన్నేవాళ్లు. నేల తవ్వేవాళ్లు, గాదె కింద గునపం పెట్టేవాళ్లు. వాళ్ల కళ్లు ఎప్పుడూ కిందే ఉంటాయని ఆడవాళ్లు కనిపెట్టారు. మంచి కంకులు ఏరి కొట్టిన జొన్నలను బూడిదా వేపాకూ కలిపి ఎండిన ఆనపకాయ బుర్రలో పోసి, మూతికి పేడా మన్నూ మెత్తి, పొయ్యి మీది వాసానికి వేలాడగట్టేవాళ్లు. పొగబట్టిన పాత బుర్రల మధ్య అదీ ఒక కల్లు బుర్రలాగే కనబడేది. ఎందుకట్లా దాస్తున్నారో మొగవాళ్లకు మాత్రం చెప్పేవాళ్లు కాదు. మొగవాళ్లను గడీలో కట్టేసి కొడతారు. తెలియని సంగతి ఎంత కొట్టినా బయటికి రాదు కదా అని వాళ్ల ఆలోచన. కాబట్టి కట్టయ్యకు తెలిసిందల్లా విత్తనం వదినె ఇంట్లో బుర్రలో ఉంటుందని, అది పురుగు పట్టకుండా కాబోలని.

ఆ ఎండాకాలం పాలకుర్తి దగ్గర సంఘం సభ జరిగితే కట్టయ్య నలుగురి వెనకాల నక్కి పోయాడు. ఉపన్యాసాలు సగం అర్థమయ్యాయి, సగం కాలేదు. తర్వాత ఒక బక్కపలచని మనిషి లేచి తంబుర భుజానేసుకుని పాట ఎత్తుకున్నాడు. అంత జనం ఊపిరి బిగబట్టి ఆయన్నే చూశారు. తన్నడానికో పని చెప్పడానికో తప్ప నలుగురు తనవైపు తిరిగిన గుర్తు కట్టయ్యకు లేదు. ఆ తంబుర ఒక్కటి తన భుజాన ఉంటే ఎట్లుంటుందో అని, ఇంటికి నడిచినంత దూరం అదే ఊహ. ఎడ్లకు నీళ్లు పెట్టడం కూడా మరిచిపోయాడు.

కొనే తాహతు లేదు, అడిగే ధైర్యం అంతకన్నా లేదు. తంబుర అంటే ఇల్లిల్లూ తిరిగి కథలు చెప్పి అడుక్కునేవాళ్ల సామాను. గొర్రు పట్టే మనిషికి ఆ పిచ్చేమిటని నవ్వుతారు. నవ్వుతారన్న భయమే కట్టయ్యను ముంచింది. తంబుర మీటి శారదకథలు చెప్పే ఐలయ్య ఏటా వచ్చినట్టే ఆ ఏడూ గింజలకు వచ్చి, బుచ్చమ్మ గడపలో నిలబడి, లోపల వేలాడే బుర్రను కర్రతో మెల్లగా తట్టి, "గిది తంబురకే పుట్టిన బుర్ర బిడ్డా" అన్నాడు. మాటవరసకు అన్నాడో, ఇంకో దోసెడు గింజలు రాలుతాయని అన్నాడో తెలియదు. గోడ పక్కన లేగను కట్టేస్తున్న కట్టయ్య చెవిలో ఆ మాట పడింది. ఆ బుర్ర బుచ్చమ్మ, యాకమ్మల అత్త పెట్టిన పాదుకు కాసింది. కాయగా ఉన్నప్పుడు పందిరి తాడు ఒరుసుకుని దాని నడుము చుట్టూ గాటు పడింది. ఇంట్లోనే కాదు, ఊళ్లోనూ అందరికీ తెలిసిన గాటు.

విత్తనాలయ్యాక ఆ బుర్ర నాకియ్యమని ఒక్కమాట అంటే బుచ్చమ్మ ఇచ్చేసేది. ఇస్తూ నవ్వేది. ఆ నవ్వుకు వెరచి ఆ మహానుభావుడు దొంగతనానికి తెగించాడు. ఆమె బావి తవ్వకం కూలికి పోయిన పూట తలుపు గొలుసు తీసి, బుర్ర దించి, మూతి మన్ను పగలగొట్టి, విత్తనాలను బూడిదతో వేపాకుతో సహా దొంతిలోని ఒక ఖాళీ కుండలో పోశాడు. ఒక్క గింజ కింద పడనీయలేదు. తన ఇంట్లోని పాత కల్లు బుర్రకు మసి పూసి అదే వాసానికి వేలాడగట్టాడు. కుండలో ఉన్నా బుర్రలో ఉన్నా గింజ గింజే కదా, తొలకరికి ముందు చెప్పేద్దాంలే అనుకుని, తన తెలివికి తానే సంతోషపడ్డాడు.

పని మొదలయ్యాక తెలిసింది తంబుర చేయడమంటే ఏమిటో. చెలక దగ్గరి కూలిపోయిన కొట్టమే ఆయన కార్ఖానా. బుర్రను కొడవలి కక్కుతో కోస్తే అంచు వంకర పోయింది. విరిగిన తలుపు రెక్క చీల్చి, గాజుపెంకుతో గీకి గీకి పలుచన చేసి బుర్ర మూతికి పలక చేశాడు. దండికి వేప కొమ్మ చెక్కాడు. తీగ బిగించగానే అది విల్లులా వంగి కూర్చుంది. దాన్ని పారేసి గుమ్మడిటేకు కొమ్మ తెచ్చాడు. అదీ పచ్చిదే, ఆరేదాకా ఆగే ఓపిక ఎక్కడిది. తుమ్మబంకతో అతికిస్తే ఒకవైపు అంటుకుని ఒకవైపు నోరు తెరిచింది. బర్రె కొమ్ము ముక్క అరగదీసి తీగ ఆనడానికి గుర్రం చేశాడు. తీగల కోసం గడీ బండితో జనగామ పోయినప్పుడు గొడుగులు, తాళాలు బాగుచేసే అబ్బాస్‌ను పట్టుకుని, తునికిపండ్ల మూట ఇచ్చి సన్నటి ఉక్కుతీగ తెచ్చుకున్నాడు. తీగ బిగించే బిరడలు జారిపోతుంటే బూడిద రాశాడు. ఇన్ని తంటాలు పడి చివరికి మీటితే తడిసిన డప్పు మీద వేలితో కొట్టినట్టు ఒక చప్పుడు వచ్చింది. కట్టయ్యకు ఏడుపొక్కటే తక్కువ. అయినా రోజూ మధ్యాహ్నం ఎడ్లను నీడకు తోలి ఆ కొట్టంలో దూరేవాడు.

అట్లా ఉండగా లెవీ వాళ్లు వచ్చారు. గడీ బండి తోలింది కట్టయ్యే.

ఇల్లిల్లూ సోదా చేస్తూ బుచ్చమ్మ ఇంటికి వచ్చారు. దొంతిని తన్నారు. పైకుండలు పగిలాయి, కిందికుండలో జొన్నలు. గిర్దావరు గుప్పెడు తీసి వేపాకు ఊది పారేసి, మంచి గింజలని మెచ్చుకున్నాడు. వాకిట్లో బండి మీద నిలబడి ఉన్న కట్టయ్యకు కుండ అందించి గోనెలో పొయ్యమన్నారు. ఆయన పోశాడు. తన చేతులతో తన చెలక విత్తనాన్ని లెవీ గోనెలో పోస్తుంటే, బూడిద ఎగిరి కళ్లలో పడింది. బుచ్చమ్మ మాత్రం లోపల ధైర్యంగానే నిలబడి ఉంది. ఆ జొన్నలు ఎక్కడివో ఆమెకు అంతుబట్టలేదు, తన విత్తనం పైన భద్రంగా ఉందనే ఆమె నమ్మకం. బండి కదిలాక మెల్లగా వాసం కేసి చెయ్యి చాపి బుర్రను పట్టుకుంది. అది గాలికి ఊగినంత తేలికగా చేతిలోకి వచ్చింది. అప్పుడు కూలబడింది.

అప్పుడే వచ్చిన యాకమ్మకు వేరే లెక్క తోచింది. ఆమె అనుకోవడంలో విత్తనం బుర్రలో ఉందని తెలిసింది ఆడవాళ్లిద్దరికే. బుర్ర మారింది, గింజలు కుండలోకి దిగాయి. ఇంట్లో ఆకలికి ఏడ్చే పిల్లలు. ఇంకేముంది, బుచ్చమ్మే జొన్నగటుక వండడానికి దించింది. అడిగితే బుచ్చమ్మ ఒట్టు పెట్టుకుని కాదంది. మరి ఎట్లా దిగాయంటే చెప్పలేకపోయింది. సాయంత్రానికల్లా ఊరంతా ఒకే మాట: బుచ్చమ్మ విత్తనం తిన్నది.

సేద్యం చేసేవాళ్లలో ఇంతకన్నా నీచమైన మాట ఇంకోటి లేదు. కల్లు తాగి ఇల్లు గుల్ల చేసినవాణ్ని క్షమిస్తారు, విత్తనం తిన్నవాళ్లను క్షమించరు. యాకమ్మ నిప్పుకు ఇంకో ఇంటికి పోవడం మొదలుపెట్టింది. కట్టయ్య ఆ పూటే తంబురను గోనెపట్టాలో చుట్టి గడ్డివాములో లోపలికి తోసేశాడు. నోరు మాత్రం తెరవలేదు. రేపు చెబుదామనుకున్నాడు. రేపు వచ్చేసరికి నిన్న ఎందుకు చెప్పలేదంటారన్న సిగ్గు ఇంకోటి చేరింది. సిగ్గు మీద సిగ్గు పెరిగి చివరికి అది ఆయన ఎత్తలేనంత బరువైంది.

కొద్దిరోజులకు సంఘం తరఫున నెల్లికుదురు దిక్కు తండా మనిషి భద్రు వచ్చాడు. పొద్దుగూకే వేళ కమ్మరి కొలిమి ముందు జనాన్ని కూర్చోబెట్టి, విత్తనం పోయినవాళ్లకు ఉన్నవాళ్లు ఇంటికింత ఇవ్వాలని చెప్పాడు. అందరూ ఒప్పుకున్నారు. బుచ్చమ్మ వంతు వచ్చేసరికి గుసగుసలు లేచాయి. భద్రు అందరినీ ఊరుకోబెట్టి ఆమెనే అడిగాడు.

"అక్కా, నువ్వు దించినవా?"

"దించలె."

"మరి కుండల ఎట్ల పడ్డయి?"

బుచ్చమ్మ జనంవైపు ఒకసారి చూసింది. ఆమె చూపు తిరిగినంత మేరా కట్టయ్య వంగి కాలికంటిన మట్టిని గోటితో గీరుతూనే ఉన్నాడు. గొంతులో మాట తయారుగా ఉంది. ఎడ్ల వెనక కోసెడు దూరం వినబడే గొంతు అది. ఆ రోజు పలకలేదు. చెలక పొత్తుది కాబట్టి విత్తనాన్ని యాకమ్మ చేతికి ఇవ్వమని భద్రు తేల్చాడు. పాపం ఆయన ఉన్నంతలో న్యాయమే చేశాననుకుని పోయాడు. బుచ్చమ్మ సొంత చెలకలో కూలిమనిషి కింద లెక్కయిపోయింది. మొదటి పిడికిలికి ఈసారి ఆమెను ఎవరూ పిలవబోరని అందరికీ తెలుసు.

కట్టయ్య చేయగలిగినదల్లా చేశాడు, చేయాల్సింది ఒక్కటి తప్ప. తెల్లారకముందే వదినె వాకిట్లోకి నీళ్లు మోశాడు. కూలిన గోడ పెట్టాడు. తన ముద్దలో సగం మింగలేక ఆమె పిల్లలకు పెట్టి వచ్చాడు. ఒకరోజు బావి దగ్గర బుచ్చమ్మ బిందె దించి ఆయన ముఖంలోకి చూసింది.

"ఊరంతా అన్నది, యాకమ్మ సుత అన్నది. నువ్వొక్కనివే ఒక్కమాట అనలె మరిదీ. మీ అన్నొస్తే గదే చెప్త," అంది.

కట్టయ్య బొక్కెన తాడు వదిలేశాడు. అది బావిలో పడిపోయింది. దాన్ని తీయడానికన్న నెపంతో నీళ్లలోకి దిగి, పైకి రాబుద్ధి కాక, చాలాసేపు మెడలోతు నీళ్లలో నిలబడ్డాడు. పైనుంచి వదినె జాగ్రత్త జాగ్రత్త అని హెచ్చరిస్తూనే ఉంది.

మృగశిర కార్తె వచ్చింది. మబ్బు పట్టి గాలి లేచిన పొద్దున యాకమ్మ, వాన రాకముందే ఎడ్లకు గడ్డి లాగుదామని వాము దగ్గరికి పోయింది. లాగుతుంటే చేతికి గోనెపట్టా తగిలింది. విప్పి చూసింది. కట్టయ్య గొర్రు సర్దుతూ తలెత్తేసరికి ఆమె వేలు బుర్ర నడుమునున్న గాటు వెంబడి మెల్లగా తిరుగుతోంది. అడగడానికి ఏం మిగిలింది కనుక. తంబురను రెండు చేతుల్లో పట్టుకుని గోడ అవతలికి నడిచింది. కట్టయ్య వెనకాలే పోయాడు, పిలవకుండానే.

బుచ్చమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. యాకమ్మ తంబురను ఆమె ఒళ్లో పెట్టి పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. "అక్కా" అని మాత్రం అనగలిగింది. బుచ్చమ్మ గాటును తడిమింది, వంకర అంచును తడిమింది, గాజుపెంకు గీతలు పడిన పలకను, బూడిద రాసిన బిరడలను ఒక్కొక్కటే చూసింది. తర్వాత దాన్ని మరిది వైపు చాపింది.

"వాయించు, ఇంటం."

కట్టయ్య కాళ్ల మీద పడబోయాడు. ఆమె మళ్లీ అదే మాట అంది. తప్పించుకునే దారి లేదు. గోడకు ఆనుకుని కూర్చుని, బిరడ తిప్పి తీగ మీటాడు. మిగిలిన ఎండాకాలమంతా వేడి గడ్డిలో పడి ఉన్న పచ్చి కొయ్య ఎముకలా ఆరింది. నోరు తెరిచిన పలక బిగుసుకుంది. తంబుర ఖంగుమని మోగింది. సభలో విన్నట్టే, నిజానికి అంతకన్నా బాగా, ఆ చిన్న ఇల్లంతా నిండేటట్టు మోగింది. ఎన్ని మధ్యాహ్నాలు దేనికోసం ఏడ్చాడో ఆ నాదమే అది. మూగబోయినా బాగుండేది, పగిలిపోయినా బాగుండేదని కట్టయ్యకు అనిపించింది. తీగ మీద అరచేయి వేసి ఆపేశాడు.

బుచ్చమ్మ పొయ్యిలోకి ఒక పుల్ల తోసింది.

"మంచిగనే మోగుతాంది," అంది.

తిట్టి ఉంటే ఆయన జీవితం ఇంకోలా ఉండేదేమో. యాకమ్మ లేచి కళ్లు తుడుచుకుని, ఇంట్లోంచి విత్తనాల గంప తెచ్చి అక్క నెత్తిన పెట్టింది. తర్వాత మొగుడి వైపు తిరిగి, "దాన్ని భుజానేసుకొని మా ముందల నడు," అంది. చెలకకు పోవాలంటే ఊరి నడుమ నుంచే పోవాలి. ముందు గొర్రు తోలుకుంటూ భుజాన తంబురతో కట్టయ్య, వెనక గంపతో బుచ్చమ్మ, ఆమె పక్కన యాకమ్మ. వాకిళ్లలో ఉన్నవాళ్లు బుర్ర మీది గాటును గుర్తుపట్టారు. ఎవరూ ఎవరికీ విప్పి చెప్పాల్సిన పని లేకపోయింది. జనం తన వైపే ఊపిరి బిగబట్టి చూడాలని కోరుకున్నాడు కదా, చూశారు. ఆ రోజు పెట్టిందే ఆ పేరు. చెలకలో బుచ్చమ్మ తూర్పుకు దండం పెట్టి పిడికిలి విప్పింది. పక్క చెలకలవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, తల గోక్కుంటూ, తమ గట్టు మీదికి కూడా రమ్మని ఆమెను అడిగారు. ఆమె పోయింది.

తర్వాత చాలా జరిగాయి. ముత్తయ్య జైలు నుంచి వచ్చాడు. దళాలు అడవి పట్టాయి, మిలిటరీ దిగింది. ఒకసారి భద్రు వచ్చి పాటల దళానికి తంబుర కావాలంటే, బుచ్చమ్మ ఆ విత్తిన రోజు నుంచీ తన వాసానికే వేలాడుతున్న దాన్ని దించి, మంచిగ మోగుతుందని చెప్పి ఇచ్చింది. అది భూపాలపల్లి అడవుల వైపు పోయింది, మళ్లీ రాలేదు. కట్టయ్య ఎక్కడ తంబుర వినబడినా లేచి దూరంగా పోయేవాడు.

కాలం గడిచి ఆ సంగతి తెలిసినవాళ్లు తగ్గిపోయారు. పేరు మాత్రం నిలిచింది. సంఘం రోజుల్లో పాటలు పాడినవాడట అని పిల్లలు గౌరవంగా చెప్పుకునేవాళ్లు. ఆయన కాదనలేదు, ఔననలేదు, తల వంచుకుని పలికేవాడు. ఊరంతా తంబుర కట్టయ్య అన్నా, ఆ పేరుతో ఒక్కసారి కూడా పిలవని మనిషి ఒక్కతే. బుచ్చమ్మ నడుము వంగిపోయేదాకా ఆయన్ని మరిదీ అనే పిలిచింది. ఆ పిలుపులో క్షమించడం ఉందో లేదో అడగాలని కట్టయ్యకు జీవితమంతా ఉండేది. అడగలేక, ఆమె పిలిచినప్పుడల్లా చేతిలో పని వదిలేసి ఉరికేవాడు.